ఇత్తడి పలికినదా, తోలు పలికినదా?

మన భాషలో ఒకని గొంతును మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు 'కంచు కంఠము' అందుము. కంచునకును బంగారమునకును మ్రోతలో గల భేదమును వేమన మనుష్యుల నడవడికి ఉపమానముగా వాడుకొన్నాడు. వంటయింటిలో చేజారిన పాత్ర ఇత్తడిదో, సత్తుదో, స్టీలుదో వసారాలో కూర్చున్నవారు చూడకయే చెప్పగలరు. పదార్థమునకు ఒక పలుకు కలదనుట మనకు ఎవ్వరును నేర్పనక్కరలేని పాఠము.

అయితే దెబ్బ తినునది ఒకటి, దానిని పట్టి నిలుపునది వేరొకటి అయినప్పుడు ఏమగును? డ్రమ్ములో దెబ్బ తగులునది తోలునకు. ఆ తోలును పట్టుకొని నిలిచినది ఇత్తడియో, ఉక్కో, కొయ్యయో. పలుకులో ఆ పట్టుకొన్నదాని పాలు ఎంత? ఈ ప్రశ్న నన్ను 40 ఏండ్లుగా విడువలేదు. దాని పుట్టుక చెప్పి ముందునకు పోయెదను.

నేను ఎనిమిదవ తరగతి చదువుచుండగా మా పాఠశాల బాండులో నాలుగు సైడ్ డ్రమ్ములు ఉండెడివి. మూడు కొయ్యవి, నాలుగవది ఇత్తడిది. అది ఏనాటిదో, ఎవరిచ్చినదో చెప్పగలవారు లేరు. ఒడలంతయు సొట్టలు; ఒకచోట మాటు వేసిన గుర్తు. గణతంత్ర దినమునాడు కవాతునకు ముందు దానిపై పుల్లలు ఆడించినచో ఆ చప్పుడు ఊరి చెరువు గట్టు దాక పోయెడిది. దానిని మెడకు తగిలించుకొను భాగ్యము ఒక ఏడాది నాకు దక్కినది. మరుసటి ఏడాది తళతళలాడు పూత వేసిన క్రొత్త డ్రమ్ములు వచ్చినవి. పాతదానిని తూకమునకు వేసి పాత సామానులవానికి అమ్మివేసినారు.

క్రొత్తవి మ్రోగినవి కాని పలుకలేదు. 'ఇత్తడి పోయినది, నాదము పోయినది' అని పిల్లలమందరమును అనుకొంటిమి. మా డ్రిల్లు మాష్టరుగారు మాత్రము ఏమియు అనక, సాయంకాలముల యందు ఒక క్రొత్త డ్రమ్మును ఒడిలో పెట్టుకొని, మరలను ఒక్కొక్కటిగా బిగించుచు, వదలుచు, క్రింది తీగలను సవరించుచు కూర్చుండెడివారు. ఆగస్టు 15 నాటికి ఆ డ్రమ్ము పలికినది. పాతదానివలె కాదు; అయినను పలికినది. "ఇప్పుడు దీనిలోనికి ఇత్తడి ఎక్కడనుండి వచ్చినదిరా?" అని ఆయన నన్ను అడిగినారు. నాకు జవాబు తోచలేదు.

ఆ జవాబు కొరకు వెదకుటలోనే నేను పాశ్చాత్య దేశముల పాత డ్రమ్ముల చరిత్ర కొంత చదువుకొంటిని. అచ్చట ఈ ప్రశ్నపై వాద్యకారులు, పాత వాద్యములను సేకరించువారు, శాస్త్రజ్ఞులు బహుకాలముగా తర్కించుచున్నారు. ఆ తర్కము మన పాఠశాల బాండునకును పనికివచ్చునది.

వాద్యము తీరు

సైనికుని ప్రక్కన వ్రేలాడినందున దీనికి సైడ్ డ్రమ్మని పేరు. క్రింది తోలునకు ఆనుకొని సాగిన తంతులను ఆంగ్లమున స్నేర్లు అందురు. అందుచేత స్నేర్ డ్రమ్మనునది రెండవ పేరు. పూర్వము ఆ తంతులు జంతువుల ప్రేగులతో చేసినవి. నేడు సన్నని ఉక్కు తీగను స్ప్రింగువలె చుట్టి చేయుచున్నారు. పై తోలుపై పుల్ల పడగానే లోపలి గాలి క్రింది తోలును త్రోయును. క్రింది తోలు తంతులను ఎగురవేయును. అవి మరల వచ్చి తోలును తాకుచున్నప్పుడు పుట్టునదే ఆ 'కరకర'. తంతులను సడలించినచో అదే డ్రమ్ము వట్టి డోలువలె ధ్వనించును.

రెండు తోళ్ల నడుమ నున్న గుండ్రని గోడను వాద్యకారులు షెల్ అందురు. నేను దానిని 'ఒడలు' అందును. సాధారణముగా దాని వ్యాసము 14 అంగుళములు. లోతు 5, 5½, 6½ అంగుళములు. మన చర్చ అంతయు ఈ జానెడు లోపు గోడను గూర్చియే.

కొయ్యనుండి ఇత్తడికి, ఇత్తడినుండి అల్యూమినియమునకు

సైన్యముల డ్రమ్ములు మొదట కొయ్యవి. 19వ శతాబ్దమున ఇత్తడి ఒడలును, త్రాళ్లకు బదులు మరల బిగింపును వ్యాపించినవి. 20వ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలో డ్రమ్ము కవాతు వీధినుండి నాటకశాలకును, నాట్యమందిరమునకును చేరినది. 1909లో షికాగో నగరమున విలియమ్, థియోబాల్డ్ లుడ్విగ్ అను సోదరులు ఒక సంస్థను స్థాపించినారు. 1920ల యందు ఆ సంస్థ చేసిన ఇత్తడి డ్రమ్ములలో కొన్నింటికి నల్లని నికెలు పూత పూసి, పూతను చీల్చుకొని ఇత్తడి మెరయునట్లు చేతితో పూలు, తీవెలు చెక్కెడివారు. 'బ్లాక్ బ్యూటీ' అని వానికి పేరు నిలిచినది. నేడు సేకరణ చేయువారు అధిక మూల్యమిచ్చి కొనునవి అవియే.

1930ల నడుమ స్లింగర్లాండ్ సంస్థ 'రేడియో కింగ్' అను కొయ్య డ్రమ్మును తెచ్చినది. దాని ఒడలు పొరలు అతికినది కాదు. మేపుల్ చెట్టు పలకనొకదానిని ఆవిరిలో మెత్తపరచి, వలయముగా వంచి, కొసలు కలిపినది. వంచిన కొయ్య మరల నిటారు కావలెనని చూచును గనుక లోపల పైనను క్రిందను బలపు వలయములు అతికినారు. జీన్ క్రూపా అను ప్రసిద్ధ వాద్యకారుడు ఈ డ్రమ్మును జగత్ప్రసిద్ధము చేసినాడు. 1938 జనవరి 16న న్యూయార్కులోని కార్నెగీ హాలులో బెన్నీ గుడ్మన్ జాజ్ కచేరీ జరిగినప్పుడు డ్రమ్ముల ముందు కూర్చున్నవాడు అతడే.

తరువాత యుద్ధము వచ్చినది. ఇత్తడియు, ఉక్కును తుపాకులకు కావలసి వచ్చినవి. 1942లో అమెరికా ప్రభుత్వము డ్రమ్ముల వంటి వాద్యములలో లోహము బరువులో పదవవంతు మించరాదని కట్టడి చేసినది. అంతట ఒడలే కాక, బిగింపు దిమ్మెలను, పై కమ్ములను కూడ కొయ్యతో చేసినారు. వాయించువారు వానితోనే వాయించినారు.

1960లో లుడ్విగ్ సంస్థ క్రోమియము పూత వేసిన ఇత్తడి డ్రమ్మును అమ్మినది. 1963 ప్రాంతమున అదే ఆకారమున, అదే పూత క్రింద, ఇత్తడి బదులు అల్యూమినియము మిశ్రలోహము వచ్చి చేరినది. దీనినే 'సుప్రాఫోనిక్' అందురు. రికార్డింగు శాలలలో అత్యధికముగా వినబడిన డ్రమ్మని దీనికి ఖ్యాతి. లెడ్ జెపెలిన్ బృందపు జాన్ బోన్‌హామ్ వాయించిన 6½ అంగుళముల లోతు డ్రమ్ము ఈ జాతిదే. పూత ఒక్కటే గనుక కంటితో చూచి ఇత్తడిని, అల్యూమినియమును వేరు చేయుట కష్టము. చేతితో ఎత్తి చూడవలెను. లేదా కాలము చెప్పును: అల్యూమినియముపై క్రోమియము గట్టిగా పట్టదు గనుక పాతబడినకొలది పొక్కులు, గుంటలు పడును. ఉక్కు ఒడలిని కనిపెట్టుటకు అయస్కాంతము చాలును.

అదే కాలమున, 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ బృందము అమెరికా టెలివిజనులో తొలిసారి పాడినప్పుడు రింగో స్టార్ ముందున్న లుడ్విగ్ డ్రమ్ము మాత్రము కొయ్యది. ఒకే సంస్థ, ఒకే కాలము. ఒకటి లోహము, ఒకటి కొయ్య. రెండింటికిని లోకము చెవి యొగ్గినది. కనుక 'ఏది గొప్పది' యను ప్రశ్నను ప్రక్కకు పెట్టి, 'ఏది ఏమి చేయును' అని అడుగుట మేలు.

తక్కెడ చెప్పునది

విద్యార్థులు తామే చేయగల లెక్క యొకటి కలదు. 14 అంగుళముల వ్యాసమనగా చుట్టుకొలత సుమారు 112 సెంటీమీటర్లు. లోతు 5 అంగుళములు, అనగా 12.7 సెంటీమీటర్లు. రేకు వైశాల్యము సుమారు 1,420 చదరపు సెంటీమీటర్లు. రేకు మందము 1 మిల్లీమీటరు అనుకొన్నచో ఘనపరిమాణము 142 ఘన సెంటీమీటర్లు. సాంద్రత ఇత్తడికి ఇంచుమించు 8.5, ఉక్కునకు 7.85, అల్యూమినియమునకు 2.7. హెచ్చవేసినచో ఇత్తడి ఒడలు 1,200 గ్రాములు, ఉక్కు 1,100, అల్యూమినియము 380 తూగును.

కొయ్య గోడను అంత పలుచగా చేయలేరు. 6 మిల్లీమీటర్లు అనుకొందము. మేపుల్ సాంద్రత సుమారు 0.7. ఒడలి బరువు 600 గ్రాములు. అనగా కొయ్య ఒడలు అల్యూమినియపు ఒడలికంటె బరువైనది! లోహమన్నంతనే బరువని తలచు మన ఊహ ఇచ్చట తలక్రిందులైనది.

బిగువులోను ఇట్టి వింతయే కలదు. ఒక పలక వంగకుండ నిలుచు బలము దాని మందము యొక్క ఘనమును బట్టి పెరుగును. మందము 6 రెట్లయినచో బలము 216 రెట్లు. నార పొడవున మేపుల్ స్వభావసిద్ధమైన బిగువు ఇత్తడిలో ఎనిమిదవ వంతు మాత్రమే అయినను, మందము తోడైనందున కొయ్య గోడ 1 మిల్లీమీటరు ఇత్తడి రేకుకంటె 25 రెట్లకు మించి గట్టిగా నిలుచును. అందుచేతనే లోహపు ఒడలికి నడుమ ఒక ఉబ్బెత్తు కట్టును, పైనను క్రిందను లోనికి మడచిన అంచులును పెట్టుదురు. అవి అలంకారములు కావు, రేకునకు వెన్నెముకలు.

పలుకులో ఒడలి పాలు

డ్రమ్ములో ముఖ్యముగా పలుకునది తోలే. ఎంత బిగించినారు, ఎంత దళసరిది, ఎచ్చట కొట్టినారు అనువానిని బట్టి స్వరము ఏర్పడును. తరువాతిది రెండు తోళ్ల నడుమ గాలి. అది ఒక తోలును రెండవదానికి ముడివేయును. రెండు తోళ్లును ఒకే దిక్కునకు కదలుట ఒక తీరు. ఎదురెదురు దిక్కులకు కదలుట మరియొక తీరు. ఈ రెండింటికిని వేర్వేరు స్థాయులు. 1992లో అమెరికాలో థామస్ రాసింగ్, ఆయన సహచరులు స్నేర్ డ్రమ్ముపై ప్రకటించిన పరిశోధన ఈ కదలికలను ప్రయోగపూర్వకముగా చూపినది. తోలు కదలునప్పుడు ఒడలు కూడ కొంత కదలుననియు, అందుచేత ఒడలి బరువు లెక్కలోనికి వచ్చుననియు అందు తేలినది.

దీనినిబట్టి ఒడలి పాలును నాలుగు మాటలలో చెప్పవచ్చును.

మొదటిది బరువు. బరువైన ఒడలు తోలు కొట్టుకొనుచున్నప్పుడు తాను తక్కువగా చలించును. తోలులోని శక్తిని దిగమ్రింగదు. తేలికయైనది తోలుతో పాటు తానును ఊగి కొంత శక్తిని తీసికొనును.

రెండవది అణచు గుణము. గుడిగంటను ఒకసారి కొట్టి వినుడు. తలుపు చెక్కను ఒకసారి తట్టి వినుడు. లోహము తనలో పుట్టిన కంపనమును చాలసేపు నిలుపుకొనును. కొయ్య తన నారల లోపలి రాపిడితో దానిని త్వరగా వేడిగా మార్చి ఆర్పివేయును. అందుచేత లోహపు డ్రమ్ములో దెబ్బ తరువాత హెచ్చు స్థాయిలో ఒక 'ఖంగు' మిగులును. కొయ్య డ్రమ్ములో దెబ్బ గుండ్రముగా ముగియును. లోహములలోను తరతమములు కలవు. ఇత్తడి నిండుగాను, ఉక్కు పదునుగాను, అల్యూమినియము పొడిగా, తేటగాను పలుకునని అనుభవజ్ఞుల మాట.

మూడవది బిగువు. వంగని గోడ ఎక్కడి శక్తిని అక్కడనే నిలుపును. పలుచని రేకు తానును కొంత పాడును.

నాలుగవది అంచు. నా దృష్టిలో మనవారు బొత్తిగా పట్టించుకొననిది ఇదియే. తోలు ఒడలిని తాకునది అంచునందు మాత్రమే. లోహపు రేకును మడచిన అంచు ఒక తీరుగా నుండును. కొయ్యను చెక్కిన అంచు మరియొక తీరు. సన్నగా, వాడిగా నున్న అంచును తోలు కొద్దిగా మాత్రమే తాకును. ఉపస్వరములు స్వేచ్ఛగా మ్రోగును. గుండ్రని వెడల్పు అంచుపై తోలు వాలి, ఆ ఉపస్వరములు అణగును. పాత కొయ్య డ్రమ్ములకు అంచు గుండ్రముగా చెక్కుట పరిపాటి. కనుక వాని మార్దవమంతయు మేపుల్ చెట్టు దానమని చెప్పుట సరికాదు. అందులో కొంత ఉలి దానము.

పాతదనము అను చిక్కు

పాత డ్రమ్ములను మెచ్చుకొనువారు మరువగూడని విషయము మరియొకటి. 1930లలో రేడియో కింగ్ మీద నున్నది దూడ చర్మము. వాన పట్టినచో అది సడలును. ఎండ కాసినచో బిగియును. 1957 ప్రాంతమున మైలార్ అను ప్లాస్టిక్ పొర వచ్చి కొలది ఏండ్లలోనే చర్మమును తొలగించినది. నేడు ఎవరైన పాత డ్రమ్మును తెచ్చి ప్లాస్టిక్ పొర బిగించి 'ఇదిగో 1938 నాటి నాదము' అన్నచో, ఒడలు మాత్రమే ఆనాటిది. పలుకుచున్న నాలుక ఈనాటిది. అంతేకాదు. చెడ్డ డ్రమ్ములు ఆనాడును ఉన్నవి. అవి చెత్తకుప్పలకు చేరినవి, మంచివి దాచబడినవి. మిగిలినవానిని చూచి ఆ కాలపువన్నియు మంచివే అనుట, గ్రంథాలయమున నిలిచిన కావ్యములను చూచి పూర్వము అందరును మహాకవులే అనుట వంటిది.

పదార్థమునకు మనము కట్టు విలువ చెవికి ఎంత దూరముగా ఉండగలదో 'అక్రోలైట్' అను డ్రమ్ము కథ చెప్పును. 1963 ప్రాంతముననే లుడ్విగ్ సంస్థ దీనిని విద్యార్థుల కొరకు తెచ్చినది. దాని ఒడలు సుప్రాఫోనిక్ ఒడలి వంటిదే. క్రోమియపు మెరుపు లేదు. బిగింపు మరలు పదికి బదులు ఎనిమిది. తక్కువ వెలకు, పెట్టెలో పెట్టి, బడిపిల్లలకు అమ్మినారు. బడిపిల్లల డ్రమ్మని పెద్దవారు చాలకాలము చిన్నచూపు చూచినారు. తరువాత వాద్యకారులు విని, రికార్డింగు శాలలకు కొనిపోయినారు. మెరుపు పూత లేనందున దాని గొంతు ఎన్నడును తగ్గలేదు. దానిని విను చెవులే ఆలస్యముగా వచ్చినవి.

మన ఇంటి సాక్ష్యము

ఈ విచారము మనకు పరాయిది కాదు. మృదంగమను పేరులోనే మృత్తు, అనగా మట్టి కలదు. పేరు మట్టిది; నేటి మృదంగపు కట్టె పనసది. పదార్థము మారినది, వాద్యము నిలిచినది. బుర్రకథలోని గుమ్మెటలు మట్టితో చేసినవియు, ఇత్తడితో చేసినవియు కలవు. తబలా జంటలో కుడిది కొయ్య, ఎడమది లోహము. తేలికగా తెగు స్వరము ఒకదానికి, నిలిచి మూలుగు స్వరము వేరొకదానికి.

సర్ సి. వి. రామన్ 1920లో ఒక సహచరునితో కలిసియు, 1934లో ఒంటరిగాను మన మృదంగ తబలాలపై రచించిన పరిశోధన పత్రములు జగద్విదితములు. వట్టి తోలు ఉపస్వరములు మూలస్వరమునకు 1.59, 2.14, 2.30 రెట్లుగా పొందిక లేక పడును. నడుమ పెట్టిన నల్లని కరణి వానిని రెండు, మూడు, నాలుగు రెట్లకు తెచ్చి శ్రుతి కూర్చునని ఆయన చూపినాడు. ఆయన రహస్యమును వెదకినది కట్టెలో కాదు, మూతపైని కరణిలో. స్నేర్ డ్రమ్మునకు ఆ కరణి లేదు. శ్రుతి దాని ధర్మము కాదు, తాళమే దాని ధర్మము. కాని పాఠమొక్కటే: ఏ అవయవము ఏ పని చేయుచున్నదో విడదీసి చూడక పొగడ్తను పంచరాదు.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు దీనిని పిల్లలచేత పరీక్షింపజేయవచ్చును. ఒకే వెడల్పు, ఒకే లోతు గల డబ్బాలు రెండు తెచ్చి, ఒకటి రేకుది, ఒకటి దళసరి అట్టది, అడుగులు తీసివేయుడు. రెండింటికిని ఒకే రబ్బరు బుడగ ముక్కలను ఒకే బిగువున కట్టుడు. ఒక విద్యార్థి వెనుకకు తిరిగి నిలువవలెను; మరియొకడు వాయింపవలెను. పదిసార్లలో ఎన్నిసార్లు సరిగా చెప్పినాడో పలకపై వ్రాయుడు. పిదప ఒకదాని బిగువును మాత్రము మార్చి మరల పరీక్షింపుడు. బిగువు మారినప్పుడు వచ్చు భేదమును, డబ్బా మారినప్పుడు వచ్చు భేదమును పిల్లలే తూచి చెప్పుదురు. ఒకసారి ఒకదానిని మాత్రమే మార్చవలెనను నియమము వారికి జీవితాంతము పనికివచ్చును.

మా డ్రిల్లు మాష్టరుగారి ప్రశ్నకు నేడు నేను ఈ జవాబు చెప్పగలను. ఇత్తడికి పాలు కలదు. ఆయన సవరించిన డ్రమ్ము ఎన్నడును ఇత్తడి డ్రమ్మువలె పలుకకపోవుటయే అందుకు సాక్ష్యము. కాని ఆ పాలు తోలు తరువాతిది, బిగువు తరువాతిది, సవరించు చేతి తరువాతిది. ఆ పాత డ్రమ్మును అమ్మినవారును, దాని కొరకు దుఃఖించిన మేమును ఒకే పొరపాటు చేసితిమి. ఇరువురమును దానిని ఇత్తడిగానే చూచితిమి. తక్కెడ వారికి 1,200 గ్రాముల రేకునే చూపినది. దాని అంచులను, మరలను ఏండ్ల తరబడి సవరించుకొని వచ్చిన చేతులను మేమును చూడలేదు. ఆ చేతులలో రెండు మా మాష్టరుగారివే.

మీ పాఠశాల అటకమీద పాత డ్రమ్ము ఏదైన ఉన్నచో, తూకమునకు వేయుటకు ముందు ఒక్కసారి దానికి క్రొత్త తోలు బిగించి, క్రింది తీగలు సరిచేసి, వాయించి చూడుడు.